ఏది రుజువు? తాత్విక దృక్పథాలు, పరిశోధన పద్ధతులు

రాజమహేంద్రవరం నుంచి గోకవరం మీదుగా రంపచోడవరం వెళ్లే దారిలో కోరుకొండ తగులుతుంది. నిటారుగా లేచిన కొండ, దాని మీద లక్ష్మీనరసింహస్వామి గుడి, ఏటా ఫాల్గుణంలో జరిగే తీర్థం. చుట్టుపక్కల వాళ్లకు కోరుకొండ అంటే ఇవే. చరిత్రకారులకు మాత్రం అది శాసనాల ఊరు. 1323లో ప్రతాపరుద్రుడితో కాకతీయ రాజ్యం కూలిపోయాక తీరాంధ్రలో తలెత్తిన నాయక ప్రభువుల్లో ముమ్మడి నాయకుడు ఒకడు. 14వ శతాబ్ది నడిమి రోజుల్లో అతని పాలనకు కోరుకొండే కేంద్రం.

ఆ రాతి అక్షరాల ముందు నిలబడిన పరిశోధకులందరూ ఒకే సంగతి చదవరు. ఒకరు శకసంవత్సరం, బిరుదులు, తండ్రి తాతల పేర్లు రాసుకుని వంశవృక్షం గీస్తారు. ఇంకొకరికి రాజు పేరుకన్నా దానమిచ్చిన మనిషి హోదా ముఖ్యం. శ్రీరంగం నుంచి గోదావరి ఒడ్డుకు శ్రీవైష్ణవం ఎలా పాకిందో తెలుసుకోవాలని వచ్చేవారూ ఉన్నారు. అర్చకులు చెప్పే స్థలపురాణాన్ని ఒక చరిత్రకారుడు ఆధారం కాదని పక్కన పెడితే, జానపద పరిశోధకుడు సరిగ్గా దానికోసమే టేప్‌రికార్డరు బయటికి తీస్తాడు. రాయి మారలేదు. ఏది ఉందని నమ్ముతారు, దేన్ని రుజువుగా ఒప్పుకుంటారు అన్న దగ్గరే తేడా మొదలైంది.

పరిశోధన పాఠ్యపుస్తకాలు చాలావరకు పనిముట్ల దగ్గర మొదలవుతాయి: ప్రశ్నావళి, నమూనా, ఇంటర్వ్యూ, ప్రయోగం. వాటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకునే ముందే పరిశోధకుడు, తెలిసో తెలియకో, కొన్ని జవాబులు చెప్పుకొని ఉంటాడు. తాను చూడబోయేది తనతో నిమిత్తం లేకుండా ఉన్న వస్తువా, మనుషులు కలిసి కట్టుకున్న అర్థమా? ఇది సత్తామీమాంస. దాన్ని తెలుసుకునే దారి ఏది? ఇది జ్ఞానమీమాంస. తెలుసుకోవడం ఎవరికోసం అన్న విలువల ప్రశ్న ఆ వెనకే వస్తుంది. 1962లో థామస్ కూన్ వైజ్ఞానిక విప్లవాల మీద పుస్తకం రాసి ‘పారడైమ్’ అన్న మాటను అందరి నోటా నానేటట్టు చేశాక, సామాజిక శాస్త్రాల్లో ఈగాన్ గూబా, ఇవోనా లింకన్ లాంటివారు ఈ జవాబుల కట్టలకు పేర్లు పెట్టారు. జాన్ క్రెస్వెల్ పాఠ్యపుస్తకం వాటిని నాలుగుగా సర్దింది: పోస్ట్‌పాజిటివిజం, నిర్మాణవాదం, పరివర్తనవాదం, ప్రయోజనవాదం. ఈ నాలుగు గళ్లూ చదువుకోవడానికి అనువైనవే. అసలు పరిశోధకులు మాత్రం ఏ ఒక్క గడిలోనూ ఒదిగి కూర్చోరు.

ప్రమాణం ఏదన్న చర్చ మన దేశానికి కొత్త కాదు. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రాసిన తర్కసంగ్రహం నేటికీ న్యాయశాస్త్రంలో తొలి పాఠం. నైయాయికులు ఒప్పుకునే ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలనూ, హేతువు చెడిపోయే తీరులైన హేత్వాభాసాలనూ అది క్లుప్తంగా చెబుతుంది. భాట్ట మీమాంసకులు ప్రమాణాలను ఆరుకు పెంచారు. చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటి చాలన్నారు. చార్వాకుడి చేతికి జనగణన పత్రం ఇస్తే ఇంటి యజమాని చెప్పిన వయసును నమోదు చేయడానికి ఒప్పుకోడేమో, అది శబ్దం కనుక! ఆటపట్టింపు మాటే అయినా సర్వే పద్ధతికి ఉన్న అసలు బలహీనత ఇక్కడే ఉంది. జవాబు చెప్పేవాడి మాట ఎంతవరకు ప్రమాణం?

శాసనం ఒకటే, చదువులు వేరు

మల్లంపల్లి సోమశేఖరశర్మ 1945లో వెలువరించిన ‘ఎ ఫర్గాటెన్ చాప్టర్ ఆఫ్ ఆంధ్ర హిస్టరీ’ ముసునూరి నాయకుల చరిత్రను వెలికితీసింది. 1948లో వచ్చిన ఆయన రెడ్డిరాజ్యాల చరిత్ర గోదావరి సీమ 14వ శతాబ్దికి ఇప్పటికీ ఆకర గ్రంథం. ఆ తరం చరిత్రకారుల పద్ధతికి గట్టి పునాది ఉంది. గతం ఒకటే, అది జరిగిపోయింది, దాని ఆనవాళ్లు రాగిరేకుల్లో, రాళ్లమీద మిగిలాయి. కవి అతిశయోక్తిని వడగట్టి, రెండు శాసనాలను పోల్చి, తేదీ నిలబెడితే జరిగింది తెలుస్తుంది. ఈ నమ్మకం ఉన్నందువల్లే లిపి, తిథివారాలు, కూటశాసనాల గుర్తింపు ఇంత నిక్కచ్చిగా ఎదిగాయి. కొమర్రాజు లక్ష్మణరావు 1906లో ప్రారంభించిన విజ్ఞాన చంద్రికా మండలి, ఆ తర్వాత ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పెరిగింది కూడా ఈ వాతావరణంలోనే.

ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం కోనసీమలోని విలస అగ్రహార దానాన్ని చెబుతుంది. ప్రతాపరుద్రుడు పోయాక దేశం పడ్డ కష్టాలను అది కళ్లకు కట్టేటట్టు వర్ణిస్తుంది. తొలి తరం చరిత్రకారులకు ఇది జరిగినదానికి సాక్ష్యం. అమెరికా చరిత్రకారిణి సింథియా టాల్బట్ 1995లో రాసిన వ్యాసంలో దీన్ని మరో రకంగా చదివారు. శత్రువును రాక్షసుడిగా చిత్రించే ఆ భాష ఏ కాలంలో పుట్టింది, ఎవరి అధికారాన్ని నిలబెట్టడానికి అక్కరకొచ్చింది, తర్వాతి శతాబ్దాల శాసనాల్లో ఎందుకు మెత్తబడింది అన్నవి ఆమె ప్రశ్నలు. ఈ చదువులో శాసనం కిటికీగా ఉండటం మానేసి, తానే ఒక చర్య అయింది.

ఆ టాల్బట్టే 2001లో వచ్చిన ‘ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్’లో కాకతీయ యుగపు శాసనాలను సుమారు వెయ్యి పోగుచేసి, దాతల బిరుదులు, ప్రాంతాలు, దానాలు లెక్కగట్టి పటాలు గీశారు. వర్ణం పేరు శాసనాల్లో అరుదుగా కనబడుతుందనీ, నాయక, రెడ్డి, బోయ వంటి హోదాలు సంపాదించుకున్నవిగా తోస్తాయనీ ఆ లెక్కల మీద వాదించారు. ఒకచోట భాష్యకారిణి, మరోచోట లెక్కల మనిషి. దృక్పథం పద్ధతిని నూటికి నూరుపాళ్లు శాసిస్తుందనే వాదన ఇక్కడ కొంచెం తడబడుతుంది. శాసించేది పరిశోధకుడి మతం కన్నా ఆ పూట అడిగిన ప్రశ్న కావచ్చు.

అదే సంవత్సరం వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ మరింత ముందుకు వెళ్లింది. దక్షిణాదివారికి చరిత్ర రాసే అలవాటు లేదన్న పాత మాటను వారు తిప్పికొట్టారు. చరిత్ర ఆయా కాలాల్లో చలామణీలో ఉన్న సాహిత్యరూపంలోనే దొరుకుతుందనీ, కథనం అల్లికను బట్టి ఆ భాషవారు కట్టుకథనూ జరిగిన కథనూ వేరు చేసుకోగలరనీ వాదించారు. వారి ఉదాహరణల్లో 1757 బొబ్బిలి యుద్ధం మీద అల్లిన కథలున్నాయి. ఒకప్పుడు పనికిరాని పుక్కిటి పురాణంగా మూలనపడ్డ పుస్తకాలను, ప్రమాణం గురించిన అభిప్రాయం మారడం వల్లే మళ్లీ బల్లమీదికి తెచ్చారు.

మడిలో ప్రయోగం

పశ్చిమ గోదావరి మార్టేరులో వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. ఇంగ్లండులో రోనాల్డ్ ఫిషర్ పరిశోధకులకు గణాంక పద్ధతుల మీద పుస్తకం ప్రచురించిందీ ఆ ఏడే. రోథమ్‌స్టెడ్ పొలాల్లో పనిచేస్తూ ఫిషర్ తేల్చిన సంగతి ఇది: ఒక మడి సారం పక్క మడికి ఉండదు కనుక ఏ విత్తనం ఏ మడిలో పడాలో చీటీ తీసినట్టు నిర్ణయించాలి, ప్రతి రకాన్నీ పలు మడుల్లో మళ్లీ మళ్లీ వేయాలి. అలా చేస్తేనే దిగుబడిలో తేడా విత్తనానిదా, నేలదా అన్నది తేలుతుంది. దీని వెనకున్నది పోస్ట్‌పాజిటివిస్టు చూపు. సత్యం ఒకటి ఉంది, దాన్ని పూర్తిగా పట్టుకోలేం, పొరపాటుకు ఎంత ఆస్కారముందో మాత్రం కొలవగలం. సిద్ధాంతాన్ని నిరూపించలేం, కూల్చడానికి ప్రయత్నించి నిలబడితే ఒప్పుకుంటాం అని కార్ల్ పాపర్ 1934లో చెప్పింది దీనికి తోడు.

తెలుగువారి నుంచి ఈ దారిలో చాలా ఎత్తుకు వెళ్లినవారు సి.ఆర్.రావు. విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరే పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందారు. 1947లో ఆయన ప్రతిపాదించిన ఆర్తోగోనల్ ఎర్రేలు తక్కువ ప్రయోగాలతో ఎక్కువ అంశాలను పరీక్షించే ఉపాయం. అది పొలాన్ని దాటి కార్ఖానాల్లో నాణ్యత పరీక్షలకు పాకింది.

మార్టేరు నుంచి 1982లో విడుదలైన స్వర్ణ, రైతుల నోట ఎం.టి.యు. 7029, దేశంలో బాగా విస్తారంగా సాగైన వరి రకాల్లో ఒకటి. ఈ పద్ధతి సత్తాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. అయితే 2003 ఖరీఫ్‌లో ఒక చిక్కు వచ్చింది. మడగాస్కర్‌లో ఫ్రెంచి జెసూట్ ఆన్రీ ద లౌలానియే రూపొందించిన ‘శ్రీ’ సాగును అప్పటి ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విస్తరణ విభాగం చూసిన అలపాటి సత్యనారాయణ రాష్ట్రానికి తెచ్చారు. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల లేత నారు, కుదురుకు ఒక్కటే మొక్క, పాతిక సెంటీమీటర్ల ఎడం, నిలవ నీటికి బదులు ఆరుతడి, వీడరుతో కలుపు. వరి పండే జిల్లాలన్నిటా రైతుల పొలాల్లోనే పరీక్షించారు. దిగుబడి పెరిగిందన్న వార్తలు వచ్చాయి. 2004లో టామ్ సింక్లెయిర్, కెన్నెత్ కాస్మన్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి ఫలితాలను గుర్తుతెలియని ఎగిరే పళ్లేలతో పోల్చి ఎద్దేవా చేశారు.

పైకి ఇది అంకెల తగాదాలా కనబడుతుంది. కదిపి చూస్తే వేరు. ప్రయోగ కేంద్రపు శాస్త్రవేత్తకు సాగు అంటే విడదీయగల అంశాల మొత్తం: నారు వయసు ఒకటి, ఎడం ఒకటి, నీరు ఒకటి. ఒక్కొక్కటీ మార్చి, మిగతావి బిగించి చూడాలి. శ్రీ సాగు వాదులకు అది విడదీస్తే మిగలని ఒక కూడిక. పైగా రైతు నైపుణ్యం అందులో భాగం. దాన్ని అదుపులో పెట్టాలనుకుంటే పరీక్షిస్తున్న వస్తువే మాయమవుతుంది. రెండు వైపులవారూ కొలిచారు, తూచారు. వస్తువు ఏమిటన్న దగ్గర కుదరనప్పుడు తూకం ఎంత ఖచ్చితమైనా తీర్పు రాదు.

యాదృచ్ఛిక ప్రయోగం పొలం నుంచి బడికి కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005లో 500 ప్రభుత్వ బడులను లాటరీతో అయిదు జట్లు చేశారు. ఒక జట్టుకు అదనపు టీచరు, ఒకదానికి నగదు గ్రాంటు, ఇంకొకదానికి టీచర్లందరికీ ఉమ్మడి బోనసు, మరొకదానికి ఎవరికివారికి బోనసు. అయిదోది ఏమీ ఇవ్వని కంట్రోల్ జట్టు. రెండేళ్ల తర్వాత బోనసు బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ల మేర ముందున్నారని 2011లో ప్రకటించారు. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. మరి మార్కులు ఎలా పెరిగాయి? దానికి టీచర్లనే అడగవలసి వచ్చింది. అదనపు తరగతులు తీసుకున్నామని, ఇంటిపని ఎక్కువ ఇచ్చామని, అభ్యాస పరీక్షలు పెట్టామని వారు చెప్పారు. ఎంత అన్నది లాటరీ తేల్చింది, ఎలా అన్నది మాటల్లో దొరికింది. శుద్ధ ప్రయోగవాదులు ఒప్పుకున్నా మానినా, ఈ రెండో సగం నైయాయికుల శబ్దప్రమాణమే.

ఏది తెలుగు?

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో గోదావరి జిల్లాలను ఊపేసిన గ్రాంథిక, వ్యావహారిక భాషా వివాదాన్ని సాహిత్య చరిత్రలు అభిరుచుల తగవుగా చెబుతాయి. పరిశోధన కోణంలో చూస్తే అది దత్తాంశం మీద తగవు. ముక్తేశ్వరం వాస్తవ్యులైన జయంతి రామయ్య పంతులు 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించారు. పిఠాపురం మహారాజు అండతో మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వచ్చింది. గ్రంథప్రయోగం ఉన్న మాటకే అందులో చోటు. భాష అంటే శిష్టకవులు నిలబెట్టిన ఒరవడి అని నమ్మితే ఈ నియమంలో తప్పు పట్టడానికేమీ లేదు. ప్రయోగాలు వెతకడంలో ఆ పండితుల శ్రమ అసాధారణం.

పర్లాకిమిడిలో బడిపంతులైన గిడుగు రామమూర్తి వేరే తోవన వచ్చారు. సవరలను ఇంట పెట్టుకుని వారి నోటి నుంచి వారి భాష నేర్చుకున్నారు. లిపి లేదు, నిఘంటువు లేదు, సరైనదేదో చెప్పే శిష్టులు అసలే లేరు. మాట్లాడే మనిషే ప్రమాణం. ఆయన సవర భాషా గ్రంథం 1931లో మద్రాసు ప్రభుత్వం ద్వారా వెలువడింది. తెలుగు దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఆయనకు అదే కన్ను మిగిలింది. గ్రాంథికం తప్ప రాయమన్న పండితుల వాక్యాల్లోంచే వ్యాకరణం ఒప్పని ప్రయోగాలు పుంఖానుపుంఖంగా ఏరి చూపారు. ప్రతిపక్షం ప్రమాణంతోనే ప్రతిపక్షాన్ని పరీక్షించడం పాపర్ మెచ్చుకునే పని. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు, గ్రాంథికంలో పేరుమోసిన కందుకూరి వీరేశలింగమే అధ్యక్షుడు కావడం ఆ వాదం ఎంతదూరం పోయిందో చెబుతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలది. 1971లో వచ్చిన రెండోది చేనేతది. నాగలి భాగాల పేర్లకు కావ్యాలు వెతక్కుండా జిల్లా జిల్లా తిరిగి రైతులను అడిగారు. తెలుగుకు నాలుగు మాండలిక మండలాలున్నాయన్న విభజన ఆ సేకరణ మీద నిలబడింది. సూర్యరాయాంధ్రం పద్ధతిలో ఎన్ని సంపుటాలు పెంచినా ఆ పటం గీయడం కుదరదు. మాట ఏ ఊరిదో అది అడగలేదు కనుక.

కొండల్లో

గోకవరం దాటాక ఘాట్ దారి మొదలవుతుంది. వియన్నాలో పుట్టి, లండన్‌లో మాలినోవ్‌స్కీ సెమినార్లలో కూర్చున్న క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1940ల మొదట్లో భార్య ఎలిజబెత్‌తో కలిసి గోదావరి గండి కొండల్లోని కొండరెడ్ల మధ్య బస చేశారు. 1945లో వచ్చిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ దాని ఫలం. నిర్మాణవాద పరిశోధన అనిపించుకునే దానికి ఇది దగ్గరి ఉదాహరణ. ముందుగా ప్రశ్నావళి అచ్చువేసుకుని పోతే పోడు అంటే కొండరెడ్డికి ఏమిటో తెలియదు. వారితో ఉండి, వారి ఏడాదిని వారు చీల్చుకునే తీరులో చూడాలి. ఈ పద్ధతిలో నమూనా సంఖ్య చిన్నది, కాలం పొడుగు.

ఆ మనిషి అక్కడే ఆగలేదు. కలప, వెదురు గుత్తేదారులు కొండవాళ్లను పీడించడం చూశాక నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు. నాలుగు దశాబ్దాల తర్వాత మళ్లీ తిరిగి 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ రాసినప్పుడు భూమి పోగొట్టుకోవడమే అందులో ప్రధాన కథ.

ఆ 1982లోనే సబాల్టర్న్ స్టడీస్ తొలి సంపుటంలో డేవిడ్ ఆర్నాల్డ్ 1839 నుంచి 1924 వరకు గూడెం, రంపలలో జరిగిన తిరుగుబాట్లపై వ్యాసం రాశారు. ఆయనకు కొండవాళ్లతో మాట్లాడే వీలు లేదు. ఉన్నది కలెక్టర్ల నివేదికలు, పోలీసు కాగితాలు. వాటిని ఎదురు తిప్పి చదవడమే పద్ధతి. అధికారి ‘అల్లరి’ అన్నచోట ఫిర్యాదు ఏమిటని అడగాలి. 1879 రంప పితూరీ వెనక కల్లు మీద పన్ను, కొండ పెత్తందార్లయిన ముఠాదార్ల కడుపుమంట, మైదానం వ్యాపారుల అప్పుకాగితాలు అలా పైకొస్తాయి. అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922–24లో జరిగిన పోరాటం ఈ చదువులో ఒంటరి వీరగాథగా కాక, ఎనభై ఏళ్ల తిరుగుబాట్ల వరుసలో ఆఖరిదిగా కనబడుతుంది.

వీరెవరికీ తాము ఏ గడిలో ఉన్నామన్న పట్టింపు లేదు. 1951–52లో ఎస్.సి.దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున శామీర్‌పేటను అధ్యయనం చేసినప్పుడు వెంట వైద్యం, వ్యవసాయం, పశువైద్యం తెలిసిన బృందాలున్నాయి. ఊళ్లో కాపురమున్నారు, లెక్కలూ తీశారు. 1955లో ‘ఇండియన్ విలేజ్’ అయింది. జాన్ డ్యూయీ మార్గంలోని ప్రయోజనవాదులు దీన్నే మిశ్రమ పద్ధతి అంటారు. ఏ పనిముట్టు సమస్యను విప్పితే అదే సరి. దీనికో చెడ్డ రూపం కూడా ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంత వ్యాసాలు ముందు ప్రశ్నావళి పంచి, పట్టికలు వేసి, చివర్లో ‘తాత్విక భూమిక’ అని ఒక పేరా అతికిస్తుంటాయి. అన్ని పద్ధతులూ వాడామన్నది అందులో గొప్పగా ఉంటుంది, ఎందుకు వాడామన్నది ఉండదు.

ఎవరి కోసం

పరివర్తనవాదులు తెలుసుకోవడం ఎవరికోసం అన్న మూడో ప్రశ్నతో మొదలుపెడతారు. తెలంగాణ సాయుధ పోరాటం మీద నాయకులు రాసిన పుస్తకాల్లో ఆడవాళ్లు నీళ్లూ అన్నమూ అందించినవారిగానో, వీరమాతలుగానో కనబడేవారు. స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఆ ఆడవాళ్లనే వెతుక్కుంటూ వెళ్లి, వారి జ్ఞాపకాలను వారి మాటల్లో రికార్డు చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేశారు. పార్టీ తీర్మానాల్లో లేని సంగతులు అందులోకి వచ్చాయి: దళంలో గర్భం వస్తే ఏమయ్యింది, పోరాటం ఆగాక ఇంటికి వెళ్లమన్నప్పుడు ఏమనిపించింది. జ్ఞాపకం తేదీలు తప్పుతుందన్న ఆక్షేపణ సహజంగానే వచ్చింది. సేకరించినవారు వెతికింది తేదీలను కాదు.

2001 జూన్ చివరి వారంలో జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో ‘ప్రజాతీర్పు’ జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రణాళిక ‘విజన్ 2020’లో వ్యవసాయ భవిష్యత్తు ఏమిటన్నది విచారించడానికి సన్న, చిన్నకారు రైతులతో, ఎక్కువగా దళిత, ఆదివాసీ స్త్రీలతో, ఓ ఇరవై మంది జ్యూరీ కూర్చుంది. మూడు భవిష్యత్తులను వీడియోల్లో చూపారు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల ప్రతినిధులు సాక్షులుగా వచ్చి జ్యూరీ ప్రశ్నలకు జవాబిచ్చారు. ప్రక్రియ సవ్యంగా సాగుతోందో లేదో చూడటానికి సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పి.బి.సావంత్ అధ్యక్షతన పరిశీలక సంఘం ఉంది. యాంత్రీకరణ, జన్యుమార్పిడి విత్తనాలు, పల్లెల నుంచి జనాన్ని కదిలించే ప్రణాళిక తమకు వద్దని జ్యూరీ చెప్పింది.

2002లో నివేదిక రాగానే, రాష్ట్రానికి సాయం చేస్తున్న బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ అధికారులు అభ్యంతరం తెలిపారు. ఇంత కొద్దిమంది కోట్ల జనానికి ఎలా ప్రతినిధులు, ఇది ముందే తేల్చుకున్న తీర్పు కాదా అన్నది వారి ప్రశ్న. నిర్వాహకులు మిషెల్ పింబర్ట్, టామ్ వేక్‌ఫర్డ్ జ్యూరీని సర్వే నమూనాతో కొలవకూడదన్నారు. సాక్షులను నిలదీసే అవకాశం, చర్చ నాణ్యత, బయటి పరిశీలకుల నిఘా, ఇవీ దాని గీటురాళ్లన్నారు. ప్రచురించిన బ్రిటిష్ సంస్థలపై నివేదిక విషయంలో ఒత్తిడి వచ్చింది. అల్గోల్‌లో రైతులు అడిగిన విత్తనాల సంగతి కొంత వెనకబడి, ఎవరికి డబ్బిచ్చినవారు ఎవరి పరిశోధనను ప్రశ్నించవచ్చన్న వాదం అభివృద్ధి అధ్యయనాల పత్రికల్లోకి ఎక్కింది.